ఖానా తప్పితే ఖానా ఆగింది



తెలుగు లిపిలో ఒక చిక్కుంది. రిజిస్టర్‌లో గీతలు కొట్టి విడదీసిన గడిని ఉర్దూలో ఖానా అంటాం. తినేదాన్నీ ఖానా అంటాం. ఉర్దూలో రాసేటప్పుడు మొదటిది ఖేతో మొదలవుతుంది, రెండోది కాఫ్‌కి దోచష్మీ హే తగిలించుకుంటుంది. చూడగానే తెలిసిపోతుంది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకటే. ఏ ఖానా అన్నది పక్క మాటను బట్టి గ్రహించుకోవాల్సిందే. ఈ రమ్‌జాన్‌కి ముందు మా మొహల్లాలో మొదటి ఖానాలో జరిగిన గల్తీకి 66 ఇళ్ళలో రెండో ఖానా ఆగిపోబోయింది. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా కమిటీ ప్రతి ఏడూ జకాత్ సొమ్ముతో సరుకుల కిట్లు ఇస్తుంది. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, ఖజూర్, సేమియా. ఎవరికివ్వాలన్నది మన ఇష్టం కాదు. జకాత్‌కి ముస్తహిక్‌లు ఎవరో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పేసింది. ఆ లెక్కన ఇంటింటికీ తిరిగి రాసుకున్న రిజిస్టర్ ఒకటి, పోయినేడు సరుకులు ఎవరు తీసుకెళ్ళారో రాసుకున్న రిజిస్టర్ ఇంకొకటి ఉన్నాయి. పోయినేడు తీసుకున్న ఇళ్ళకు నేరుగా పర్చీ పంపడం, మిగిలినవాళ్ళ సంగతి తహ్‌ఖీఖ్ చేశాక చూడటం మా పద్ధతి. ఈసారి రెండు రిజిస్టర్లనూ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇంజనీరింగ్ చదివిన ఒక కుర్రాడు ఆ పని మీదేసుకున్నాడు. హుషారైనవాడు, ఫజర్‌కి మొదటి సఫ్‌లో కనిపించేవాడు, నియ్యత్‌లో ఏ ఖోట్ లేనివాడు. రెండు టేబుళ్ళను కలిపి జాబితా తీశాడు.

పేపర్లో పనిచేస్తాను గనక పేర్లలో అచ్చుతప్పులు చూడమని ఆ జాబితా నా చేతికిచ్చారు. చూశాను. ఒకచోట ఖాదర్‌కి ఒత్తు లేదు, పెట్టాను. ఇంకోచోట జైనబ్ జైనాబ్ అయింది, దిద్దాను. సంతకం పెట్టి పంపించేశాను. ఉన్న పేర్లలో తప్పులు వెతికేవాడికి లేని పేరు కనపడదని ఇరవై ఏళ్ళ డెస్క్ ఉద్యోగం నాకు నేర్పలేదు.

మూడో రోజు అసర్ తర్వాత ఒక ఖాలా మా గడప దగ్గరికొచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. "బేటా, ఈసారి మాకు పర్చీ రాలేదు. మా వల్ల ఏమన్నా గలత్ జరిగిందా?" అని అడిగారు. ఖాలూజాన్‌కి ఫాలిజ్ కొట్టి నాలుగేళ్ళు. మంచం మీదే అన్నీ. ఖాలా ఇళ్ళల్లో రొట్టెలు చేసిపెట్టి బండి లాగుతున్నారు. ఆమె గొంతులో కోపం ఉన్నా బాగుండేది. షరమ్ ఉంది. ఇవ్వాల్సినవాళ్ళం మేము మర్చిపోతే, తనే ఏదో తప్పు చేసినట్టు ఆమె తల దించుకున్నారు. ఆ రాత్రి ఇషా తర్వాత జాబితా లెక్కపెట్టాను. పోయినేడు 203 ఇళ్ళవాళ్ళు సరుకులు తీసుకున్నారు. జాబితాలో 137 ఉన్నాయి.

మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. "అబ్బూ, జాబితా కాదు, దాన్ని తీసిన క్వెరీ తెప్పించండి" అంది. కుర్రాడు పాపం వెంటనే పంపాడు. ఆమె చూసి రెండు నిమిషాల్లో పట్టేసింది. కంప్యూటర్ తెలియని ఇళ్ళల్లో కూడా ఈ కథ తెలియాలి, అందుకని నాకు అర్థమైన భాషలో చెబుతాను.

మొదటి టేబుల్ పేరు ఖాందాన్. అందులో కార్డు నంబరు, నేమ్, మొహల్లా అనే కాలమ్‌లున్నాయి. రెండో టేబుల్ పంపిణీ. అందులో కార్డు నంబరు, నేమ్, తారీఖ్. కార్డు నంబరు కలిసిన చోట రెండు టేబుళ్ళనూ జతచెయ్యమనడాన్ని జాయిన్ అంటారు. కుర్రాడు మొదట రాసింది సరైన జాయినే. నేమ్, మొహల్లా చూపించమని అడిగాడు. యంత్రం ఒప్పుకోలేదు. 'కాలమ్ నేమ్ ఇన్ ఫీల్డ్ లిస్ట్ ఈజ్ యాంబిగ్యువస్' అని ఎర్రగా ఒక లైను పెట్టింది. ఆ లైనును మన భాషలో చెప్పుకుంటే రెండే మాటలు. ఎవరి నేమ్?

ఎంత మంచి సవాల్ అది! ఎందుకంటే రెండు ఖానాల మీదా శీర్షిక ఒకటే గానీ లోపలున్నది ఒకటి కాదు. ఖాందాన్‌లో నేమ్ అంటే ఇంటి పెద్ద పేరు. పంపిణీలో నేమ్ అంటే ఆ రోజు సంచి మోసుకెళ్ళిన మనిషి పేరు. కుర్రాడు ఆ సవాల్‌కి జవాబు చెప్పలేదు. ఎర్ర లైను ఎలా పోతుందని వెతికాడు. ఎక్కడో దొరికింది. జాయిన్‌కి ముందు నేచురల్ అన్న మాట పెట్టి రాస్తే ఆ ఫిర్యాదు మాయమైపోతుంది. పెట్టాడు. మాయమైంది. జాబితా వచ్చేసింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని ప్రింట్ కొట్టాడు.

నేచురల్ జాయిన్ చేసే పని ఏమిటంటే, రెండు టేబుళ్ళలోనూ ఒకే పేరున్న కాలమ్‌లు ఎన్నుంటే అన్నిటినీ తనంతట తనే పోల్చి చూస్తుంది. అన్నీ సరిపోతేనే ఆ వరసను ఉంచుతుంది. ఇక్కడ కార్డు నంబరు ఒక్కటే సరిపోతే కుదరదు, నేమ్ కూడా సరిపోవాలి. అంటే ఇంటి పెద్ద తన కాళ్ళ మీద తను నడిచొచ్చి సంచి తీసుకున్న ఇళ్ళే మిగిలాయి. పెద్ద మంచం పట్టి భార్య వచ్చిన ఇల్లు పోయింది. మియా కువైట్‌లో ఉండి జీతం రాక, బీబీ వచ్చి తీసుకున్న ఇల్లు పోయింది. దాదీ తన మనవణ్ణి పంపిన ఇల్లు పోయింది. ఎవరికి అందరికన్నా ముందు చేరాలో, ఏరినట్టుగా వాళ్ళే పోయారు. స్క్రీన్ మీద ఒక్క ఎర్ర అక్షరం లేదు.

నా రాయ్ ఏమిటంటే, ఎర్ర లైను పెట్టే యంత్రం మన దోస్త్. ఏమీ అనకుండా జాబితా చేతిలో పెట్టే యంత్రం దగ్గరే ఖబర్దార్‌గా ఉండాలి. మన పిల్లలకి చదువుల్లో ఉల్టా అలవాటు చేస్తున్నాం. ఎర్రర్ పోగొట్టినవాడికి మార్కులు, ఎర్రర్ ఏమడిగిందో చదివినవాడికి ఏమీ లేదు. కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. వాడు నేర్చుకున్నదే చేశాడు. తప్పులు దిద్దమంటే దిద్ది, తలలు లెక్కపెట్టని నాకు ఆ హక్కు కూడా లేదు.

ఇదేదో కంప్యూటర్లు పుట్టాక వచ్చిన మసలా అనుకోవద్దు. మనకి చాలా పాతది. సహీ బుఖారీ తెరవండి. మొట్టమొదటి హదీస్, నియ్యత్ గురించినది, అందరికీ నోటికొచ్చినదే. కానీ మనం సనద్ వదిలేసి మత్న్ చదువుతాం. సనద్‌లో ఇమామ్ బుఖారీ ఉస్తాద్ హుమైదీ, ఆయనకి చెప్పినది సుఫ్యాన్. ఏ సుఫ్యాన్? ఆ కాలంలో సుఫ్యాన్ అనగానే గుర్తొచ్చే ఇమాములు ఇద్దరు. సుఫ్యాన్ సౌరీ, సుఫ్యాన్ బిన్ ఉయైనా. ఇద్దరికీ కూఫాతో సంబంధముంది, ఇద్దరికీ చాలామంది ఉస్తాదులు ఒకరే, షాగిర్దులూ చాలామంది ఒకరే. అచ్చం మన నేమ్ కాలమ్ లాంటి ఇబ్బంది. ముహద్దిసులు అప్పుడేం చేశారు? ఏదో ఒక సుఫ్యాన్‌లే అని ముందుకు పోలేదు. చెబుతున్నది ఎవరు, ఆయన ఎవరిని కలిశాడు, ఎవరు ఎప్పుడు వఫాత్ అయ్యారు అని తవ్వారు. సౌరీ హిజ్రీ 161లో పోయారు, ఇబ్ను ఉయైనా 198 దాకా మక్కాలో ఉన్నారు. హుమైదీ మక్కావాడు, ఇబ్ను ఉయైనా దగ్గర చదువుకున్నవాడు. కాబట్టి ఇక్కడి సుఫ్యాన్ ఇబ్ను ఉయైనా. కేసు ఖతం.

హిజ్రీ 463లో, అంటే 1071లో చనిపోయిన ఖతీబ్ బగ్దాదీ ఈ ఒక్క విషయం మీద ఏకంగా కితాబులు రాశారు. ఒకటి అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్. పేరు ఒకటే, మనుషులు వేరు, అలాంటి రావీల చిట్టా అది. ఇంకొకటి మూజిహ్ ఔహామిల్ జమ్ఇ వత్తఫ్‌రీఖ్. జమ్అ అంటే కలపడం, తఫ్‌రీఖ్ అంటే విడదీయడం. ఇద్దరిని ఒకరనుకుని కలపడంలో, ఒకరిని ఇద్దరనుకుని విడదీయడంలో ముందటి ఆలిములు పడ్డ భ్రమలను ఆయన అందులో విప్పి చూపారు. మా అమ్మాయికి ఈ పేరు చెబితే, "అబ్బూ, ఇది జాయిన్‌ల మీద పుస్తకమే కదా" అని నవ్వింది. నవ్వినా మాట నిజం. సుఫ్యాన్ పక్కన సౌరీ అన్న నిస్బత్ పెట్టడం ఎంతో, నేమ్‌కి ముందు ఖాందాన్ అని రాసి చుక్క పెట్టడం అంతే. ఖాందాన్ చుక్క నేమ్. పంపిణీ చుక్క నేమ్. యాంబిగ్యువస్ అన్న ఎర్రర్‌కి ఉన్న సరైన ఇలాజ్ అదొక్కటే. పెద్ద హిక్మత్ ఏమీ కాదు.

ఇంట్లో పిల్లలు ఇవే చదువుతున్నవాళ్ళ కోసం ఇంకో నాలుగు మాటలు చెబుతాను. ఆ రాత్రి మా ఇంట్లో సెహరీ దాకా సాగిన సంగతులివి, సగం నాకూ కొత్తవే.

ఖాందాన్ అని ప్రతిసారీ రాయడం బద్ధకమై టేబుల్‌కి పొట్టి పేరు పెట్టుకుంటారు. అలియాస్ అంటారు. పోలీసు స్టేషన్ కాగితాల్లో చూసే ఉర్ఫ్ అదే. ఖాందాన్ ఉర్ఫ్ కే. ఒకసారి ఉర్ఫ్ పెట్టాక ఆ క్వెరీలో అసలు పేరుతో పిలిస్తే పలకదు. కాలమ్ లేదనో, ఆ టేబుల్ ఎవరో తెలియదనో అంటుంది. మా వీధిలో చోటే భాయ్ అసలు పేరడిగితే పక్కింటివాళ్ళకే తెలియనట్టు. పిల్లలు అరగంట స్పెల్లింగ్ వెతుక్కుంటారు, తప్పు స్పెల్లింగ్‌లో ఉండదు.

కళ్ళ ముందు కాలమ్ ఉన్నా ఆ కాలమ్ లేదని ఎర్రర్ వస్తే, ఎక్సెల్ నుంచి తెచ్చిన షీట్‌లో శీర్షిక చివర ఒక ఖాళీ స్పేస్ ఉందేమో చూడాలి. కంటికి కనపడదు, యంత్రానికి మాత్రం అదీ ఒక అక్షరమే. మొదటి కాలమ్ ఒక్కటే మొండికేస్తే, ఫైలు మొదట్లో కనపడని గుర్తు ఒకటి అంటుకుని ఉండొచ్చు. యూనికోడ్ ఫైళ్ళకి అదొక జబ్బు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే పెద్దబడి చిన్నబడి అక్షరాల పేచీ ఇంకొకటి. డబుల్ కోట్స్‌లో పెట్టిన పేరును ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది, కోట్స్ లేనిదాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చేసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా డబుల్ కోట్స్ పెడితే అది కాలమే కాదు, వట్టి మాట. మా అమ్మాయి చేసి చూపించింది. 203 ఇళ్ళ పెద్దలందరి పేరూ నేమ్ అని వచ్చింది! ఆ రాత్రి నవ్వుకున్నది అప్పుడొక్కసారే.

ఇవన్నీ పైకి కనిపించే రోగాలు. లోపల ఉండిపోయేది ఒకటి చెప్పింది, దానికి నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. పోయినేడు అందుకున్న ఇళ్ళు ఏవని తెలుసుకోవడానికి జాయిన్‌కి బదులు క్వెరీలో ఇంకో క్వెరీ పెట్టి అడుగుతారు. ఖాందాన్‌లో ఎవరి కార్డు పంపిణీలో ఉందో వాళ్ళని చూపించు అని. అనుకోండి, పంపిణీ టేబుల్‌లో ఆ కాలమ్ పేరు కార్డు కాదు, కార్డునంబర్. మీరు లోపలి క్వెరీలో మర్చిపోయి కార్డు అనే రాశారు. ఎర్రర్ వస్తుందనుకుంటాం. రాదు. లోపలి టేబుల్‌లో కార్డు దొరక్కపోతే యంత్రం బయటి టేబుల్ కార్డునే అరువు తెచ్చుకుంటుంది. అదే దాని ఉసూల్. ఇక ప్రతి ఇంటి కార్డునూ అదే ఇంటి కార్డుతో పోల్చుకుని, సరిపోయింది, సరిపోయింది అంటుంది. అందరూ అందుకున్నట్టు తేలుతుంది. అందనివాళ్ళెవరని అడిగితే ఒక్కరూ లేరంటుంది. మున్షీ రజిస్టర్ మూసేసి, మాషా అల్లాహ్, ఎవరూ మిగల్లేదు అని సదర్ సాబ్‌కి చెప్పినట్టు. అక్కడ కూడా కాలమ్ ముందు టేబుల్ పేరు, చుక్క పెట్టి ఉంటే వెంటనే ఎర్రర్ అరిచేది.

ఒక మొహల్లాలో 66 ఇళ్ళ సంగతి ఇంత రాయాలా అనొచ్చు. పక్కన తెలంగాణలో సమగ్ర వేదిక అని సర్కారు పెట్టుకున్న ఏర్పాటుంది. రకరకాల శాఖల దగ్గరున్న పేర్లు, చిరునామాలు కలిపి ఫలానావాడికి కారుంది, ఫలానావాడికి ఆస్తుంది అని చెబుతుంది. రేషన్ కార్డుల ఏరివేతకి దాన్ని వాడారు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటికెళ్ళి మళ్ళీ తనిఖీ చెయ్యమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. 2024లో విలేకరులు తవ్వి తీసిన కథనాల్లో ఒకటి మన బిరాదరీలోని ఒక బేవా గురించి. ఆమె మియా రిక్షా తొక్కి బతికినవాడు. పేరు దగ్గర దగ్గరగా ఉన్న ఇంకొకాయన కారు ఈయన ఖాతాలో పడింది, బియ్యం ఆగిపోయాయి. అది కాలమ్ శీర్షిక తప్పు కాదు, పేర్లను పోల్చడంలో తప్పు. రెండూ ఒకటేనని నేననను. కానీ ఎవరి పేరు ఇది అని ఆగి అడగాల్సిన చోట ఎవరూ అడగలేదు. మనలో ఆ గొడవ ఇంకాస్త ఎక్కువ. ఆంధ్ర దఫ్తర్లలో ఇంటిపేరు అన్న ఖానా ఉంటుంది. మనకు ఇంటిపేరు ఎక్కడిది? షేక్ అనో సయ్యద్ అనో పఠాన్ అనో నింపేస్తాం. సగం మొహల్లా ఒకే ఇంటిపేరు. ఒక కాగితంలో షేక్ ముందు, ఇంకోదాన్లో వెనక, ఆధార్‌లో ఎస్‌కే. నేను చదివిన ఉర్దూ మీడియం బడి రిజిస్టర్‌లో ఈ పేచీ లేదు. నామ్, వల్దియత్, సకూనత్. పేరు, తండ్రి పేరు, ఉండే చోటు. మూడు ఖానాలు, మూడింటికీ వేరు వేరు పేర్లు. మౌల్వీ సాబ్‌కి ఎస్‌క్యూఎల్ రాదు గానీ ఆ రిజిస్టర్‌ని జాయిన్ చేస్తే ఏ యంత్రమూ ఎవరి నేమ్ అని అడిగుండేది కాదు.

కమిటీలో ఇదంతా పెట్టినప్పుడు సదర్ సాబ్ ఒకటే మాటన్నారు. "మియా, కంప్యూటర్ నక్కో. మన పాత కితాబే మేలు." ఇద్దరు ముగ్గురు తలూపారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పాత కితాబులో రెండు పేజీలు అతుక్కుపోయి ఒక ఇల్లు మూడేళ్ళు తప్పిపోయిన సంగతి అందరికీ తెలుసు. యంత్రం మొదటిసారే అడిగింది. మనిషి దాని నోరు మూశాడు. నేచురల్ అన్న మాట తీసేసి, చుక్క పెట్టి రాస్తే అదే యంత్రం రెండు సెకన్లలో 203 ఇళ్ళు చూపించింది. అలాగని యంత్రం చెప్పిందే ఫత్వా అనే జవాన్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్ళకి నేను పెట్టిన షరతు ఒకటే. జాయిన్‌కి ముందు ఎన్ని ఇళ్ళు, జాయిన్ తర్వాత ఎన్ని ఇళ్ళు, రెండు అంకెలు జాబితా పైన రాయాలి. తేడా ఉంటే, లెఫ్ట్ జాయిన్ అని ఉంటుంది, మొదటి టేబుల్‌లో ఎవరినీ జారిపోనివ్వదు, దానితో తప్పిపోయినవాళ్ళ పేర్లు విడిగా తియ్యాలి. ఆ కాగితం పట్టుకుని వాళ్ళ ఇంటికి ఒక మనిషి నడిచి వెళ్ళాలి. జకాత్ మన జేబు సొమ్ము కాదు. ఇంకొకరి హఖ్, మన దగ్గర అమానత్.

ఆ కుర్రాడు మర్నాడే వచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంటే మా ఇంట్లో చాయ్ ఇచ్చి, టేబుళ్ళు తెరిపించాం. నేమ్ అన్న శీర్షికలు రెండూ కొట్టేశాడు. ఖాందాన్‌లో ఇంటిపెద్ద అని పెట్టాడు, పంపిణీలో తీసుకెళ్ళినవారు అని పెట్టాడు. పొడుగైంది కదా అంకుల్ అన్నాడు. అవనీ అన్నాను. 66 పర్చీలు మగ్రిబ్ లోపల రాసేశాం. ఖాలా పర్చీ నేనే తీసుకెళ్ళాను. కొత్త జాబితాలో ఆమె పేరు మొదటిసారి తన సొంత ఖానాలో ఉంది, ఖాలూజాన్ పేరు పక్కన. ఆమె చదువుకోలేదు, చూపించి చదివి వినిపించాను. "మా ఆయన పేరు తీసెయ్యలేదు కదా బేటా?" అని అడిగారు. లేదు ఖాలా, రెండూ ఉన్నాయి అన్నాను.

పిల్లల వజీఫాల షీట్ ఇంకా అలాగే ఉంది. అందులో నేమ్ అంటే కొన్ని వరసల్లో విద్యార్థి, కొన్నిట్లో వాలిద్. ఈద్ అయ్యాక చూద్దాం అన్నారు సదర్ సాబ్. దరఖాస్తుల గడువు ఈద్ కంటే ముందే ముగుస్తుంది. రేపు తరావీహ్ తర్వాత మళ్ళీ అడుగుతాను.